గోడ పర్రె ఇస్తే లప్పం పెట్టనియ్యకుండ్రి, ముందు తారీఖు రాయుండ్రి

నల్గొండల కొత్తింట్లకు పోయి ఒక్క ఎండాకాలం గూడ దాటలే, హాల్ల కిటికీ మూల నుంచి పైకి ఏటవాలుగ పర్రె కనవడ్డది. బిల్డర్‌కు ఫోన్ చేస్తే "కొత్త ఇల్లు గదన్నా, అది కామన్, సెట్ అయితది" అన్నడు, రెండు రోజులకు పెయింటర్ వచ్చి లప్పం పెట్టి రంగేసి పోయిండు, మేం గూడ ఖుష్. వానలు పడంగనే మళ్ల అదే జాగల ఇచ్చింది, ఈసారి ఇంకింత పొడుగు. ఇప్పుడు బిల్డర్ అడుగుతుండు, మొదలు ఎంతుండె, ఫొటో ఉన్నదా అని. ఏడుంది, లప్పం కిందికి పోయింది.

అందుకే పర్రె కనవడ్డ రోజే రెండు కొసలకు పెన్సిల్‌తోని అడ్డం గీత గీసి పక్కన తారీఖు రాయుండ్రి, స్కేలు ఆనిచ్చి ఫొటో తియ్యుండ్రి. వెడల్పు కొలవనీకి ఏటీఎం కార్డు చాలు, అది ముప్పావు మిల్లీమీటర్ మందం ఉంటది, కార్డు లోపలికి దిగిందంటే అది వెంట్రుక పర్రె కాదన్నట్టే. రంగు గీకేసి దాని మీద సన్న గాజు ముక్క అడ్డం పెట్టి రెండు దిక్కుల ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తోని అతికిస్తే, గోడ ఇంకా కదులుతుంటే గాజు పటుక్కున పగులుతది. మా ఇంట్ల మూడు వారాలు గూడ ఆగలే.

అన్ని పర్రెలకు భయపడే పని లేదు. గోడ మీద సాలెగూడు లెక్క సన్నగ అల్లుకుంటే అది గిలాబుదే, సిమెంటు ఎక్కువ కలిపిండ్రు లేకుంటే నీళ్లు సరిగ్గ కొట్టలే. ఎండలు మండేటప్పుడు కాంక్రీటుకు కనీసం 10 రోజులు క్యూరింగ్ కావాలె, మన దగ్గర మే నెలల మూడు రోజులు కొట్టి చాలంటరు. పిల్లర్‌కు, ఇటుక గోడకు మధ్యల నిలువుగ వస్తే అక్కడ గిలాబు కింద జాలి (మెష్) వెయ్యలేదేమో అని అనుమానపడాలె. స్లాబు కింద అడ్డంగ వచ్చేది శానా వరకు స్లాబు ఎండకు సాగి, రాత్రికి ముడుసుకునుడు వల్ల. కానీ ఏటవాలుగనో మెట్లు మెట్లుగనో పోతూ వెడల్పయితుంటే బునాది దిగుతుందేమో చూపియ్యాలె. ఎర్ర చెల్క నేలల ఇది తక్కువ, నల్లరేగడి మీద కట్టినోళ్లే జాగ్రత్త, ఆ మన్ను వానకు ఉబ్బుతది, ఎండకు నోరు తెరుస్తది, బునాదిని గూడ ఊపుతది. పిల్లర్ మీద, బీమ్ మీద సన్నదైనా సరే, తుప్పు మరక కనవడ్డా సరే, సుతారి మాట కాదు, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలిచి సంతకంతోని రిపోర్టు తీసుకోవాలె.

ఇగ వారంటీ. అగ్రిమెంట్ల ఒక ఏడాదే అని రాసిచ్చినా పరేషాన్ గాకుండ్రి. 2016 రెరా చట్టం (ఇండ్లు, ప్లాట్లు కట్టి అమ్మే బిల్డర్ల మీద ఉన్న చట్టం) సెక్షన్ 14 ప్రకారం ఇల్లు అప్పజెప్పిన తారీఖు నుంచి 5 ఏండ్ల లోపల స్ట్రక్చర్ల గానీ పనితనంల గానీ లోపం చూపిస్తే, బిల్డర్ 30 రోజులల్ల పైసలు తీసుకోకుండ బాగు చేయాలె, చెయ్యకుంటే నష్టపరిహారం అడగొచ్చు. అందుకే పొజిషన్ లెటర్ బంగారం లెక్క దాచుకోవాలె. ఫోన్ల మాట్లాడింది లెక్కకు రాదు, ఫొటోలు, రిపోర్టు, తారీఖులు పెట్టి స్పీడ్ పోస్టుల పంపి, మెయిల్ గూడ కొట్టుండ్రి. 30 రోజులు దాటితే తెలంగాణ రెరా సైటుల ఫారం ఎం నింపి ఫిర్యాదు చెయ్యాలె, ఫీజు 1000 రూపాయలు. పరిహారానికి ఫారం ఎన్ వేరే.

మన దిక్కు సగం మంది సొంత ప్లాట్ల కాంట్రాక్టర్‌కు ఇచ్చి కట్టించుకుంటరు గదా, వాళ్లకు ఈ అయిదేండ్లు వర్తించయి. మహబూబ్‌నగర్‌ల మా బావది అదే కథ, కాగితం ముక్క గూడ రాసుకోలే. ఇట్లాంటోళ్లు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవాలె, నల్గొండల, మహబూబ్‌నగర్‌ల గూడ ఉన్నది, మీరు కట్టిన సొమ్ము 50 లక్షల లోపల ఉంటే అక్కడనే, 5 లక్షల వరకు ఫీజు లేదు. కానీ రెండేండ్ల లోపల వెయ్యాలె. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కు ఫోన్ కొట్టి చూడుండ్రి. ఇంకా కడుతున్నోళ్లు చివరి బిల్లుల కొంత ఆపుకొని, ఒక వానకాలం అయినంక ఇస్తమని ముందే రాసుకోవాలె, కాంట్రాక్టర్ మొకం మాడ్చుకుంటే మాడ్చుకోనీ.

బిల్డర్ రిపేరుకు వచ్చినప్పుడు దగ్గర నిలబడుండ్రి. పర్రెను వి ఆకారంల చెక్కి, దుమ్ము దులిపి, పాలిమర్ కలిపిన మోర్టార్ నింపి, మీద జాలి వేసి గిలాబు చెయ్యాలె. బునాది కదులుతుంటే మాత్రం అది ఆగేదాక ఇదంత దండుగ. రంగు ఒక వానకాలం పోయినంకనే వేయించుండ్రి, మా హాల్ గోడ ఇంకా సిమెంటు రంగులనే ఉన్నది, చుట్టాలొస్తే క్యాలెండర్ అడ్డం పెడుతున్నం.