పిల్లల టైఫాయిడ్‌కు యాంటీబయాటిక్‌లను పోల్చి చూడటం ఎలా

ఏ మందు మేలని ఆలోచించే ముందు, యాంటీబయాటిక్ మొదలుపెట్టక మునుపే రక్తాన్ని కల్చర్ పరీక్షకు పంపించాలి. బ్యాక్టీరియా పెరిగితే, అది ఏ మందుకు లొంగుతుందో తేలేది అక్కడే. రక్తంలోని యాంటీబాడీలను చూసే విడాల్ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవడం సరికాదు.

పోల్చేటప్పుడు జ్వరం ఎన్ని రోజుల్లో దిగిందన్న లెక్కతో ఆగకుండా, చికిత్స విఫలమైందా, కొన్ని వారాల తరువాత వ్యాధి తిరగబెట్టిందా అన్నవి కూడా గమనించాలి. సరైన మందు పడినా జ్వరం తగ్గడానికి నాలుగైదు రోజులు పట్టవచ్చు కనుక, రెండో రోజుకే మందు మార్చమని వైద్యుణ్ణి తొందరపెట్టడం (తరచూ జరిగేదే) తగదు.

జబ్బు తీవ్రంగా ఉన్నా, వాంతుల వల్ల మందు నిలవకపోయినా సాధారణంగా సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్‌ను ఎంచుకుంటారు. నోటితో మందు తీసుకోగల పిల్లలకు, కణాల లోపలికి చొచ్చుకుపోయే అజిత్రోమైసిన్‌ను సాధారణంగా 7 రోజులు ఇస్తారు. సెఫిక్సిమ్ కూడా నోటి మందే అయినా, నా దృష్టిలో దానిది రెండో స్థానం. సిప్రోఫ్లోక్సాసిన్‌కు దక్షిణాసియాలో నిరోధకత (బ్యాక్టీరియా మందుకు లొంగకపోవడం) విస్తరించింది. 2016 నుంచి పాకిస్తాన్‌లో వ్యాపించిన టైఫాయిడ్ బ్యాక్టీరియా రకం సెఫ్ట్రియాక్సోన్‌కు సైతం లొంగదు కాబట్టి, అక్కడ సోకిన వ్యాధికి అజిత్రోమైసిన్ లేదా మెరోపెనెమ్ వైపు చూడాలి.

ఏ మందైనా మోతాదును బిడ్డ బరువును బట్టి వైద్యులే నిర్ణయించాలి.