అడిగే ముందు లెక్క రాసిపెట్టుకోండి

జడ్చర్ల దగ్గరి మందుల కంపెనీల్లో, మిర్యాలగూడ రైసు మిల్లుల్లో కాంట్రాక్టరు కింద పనిచేసే ఎందరి దగ్గరో తాము అక్కడ పనిచేస్తున్నట్టు చూపే కాగితం ఒక్కటీ ఉండదు. బకాయి జీతం కోసం కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్తే మొదట అడిగేది ఆ కాగితాన్నే. కాబట్టి పనిలో చేరిన రోజే నియామక పత్రం అడగండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్ల (కొత్త కార్మిక చట్టాల) ప్రకారం దాన్ని ఇవ్వడం యజమాని బాధ్యత.

ఇవ్వకపోతే ఒక నోటుబుక్కు కొని, షిఫ్టు దిగగానే తేదీ, లోపలికి వెళ్లిన సమయం, బయటికి వచ్చిన సమయం, ఆ రోజు సూపర్‌వైజరు పేరు రాసుకోండి. నాకు తెలిసిన ఒక అక్క ఓటీ (అదనపు పని) గంటలను మాత్రం పేజీ అంచున ఎర్ర సిరాతో రాసి, నెలాఖరున కూడి, కింద తోటి కార్మికురాలి సంతకం పెట్టించుకునేది. అడిగే రోజు వచ్చినప్పుడు ఆమె మాటను ఎవరూ తోసిపుచ్చలేకపోయారు. దేశమంతటా ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీ నోటిలెక్కను నమ్మి ఎంత నష్టపోయారో మన ఊళ్లలో పెద్దలందరికీ తెలుసు.

ఆ పుస్తకాన్ని ముందు పెట్టుకుని సరిచూసుకోండి. ఓటీకి మామూలు రేటుకు రెట్టింపు రావాలి, నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోగా చేతికందాలి, పీఎఫ్ కోత మీ పాస్‌బుక్కులో జమగా కనిపించాలి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే చెల్లించాలి, కాబట్టి ఫిర్యాదులో రెండు పేర్లూ రాయండి. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిపై కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోండి. జీతం బకాయిపై మూడేళ్లలోపు దావా వేయవచ్చు.

ఒంటరిగా అడిగినవారిని పనిలోంచి తీసేయడం తేలిక, అందుకే సంఘం కావాలి. నమోదు దరఖాస్తుపై కనీసం ఏడుగురు సంతకం చేయాలి. అక్కడి కార్మికుల్లో పదో వంతు గానీ వందమంది గానీ, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి, ఆ సంఖ్య మాత్రం ఏడుకు తగ్గకూడదు. ఒకటికి మించి సంఘాలుంటే, మస్టరు (హాజరు పట్టీ)లోని కార్మికుల్లో కనీసం 51 శాతం మంది మద్దతున్న సంఘానికే యాజమాన్యంతో ఏకైక చర్చల ప్రతినిధిగా గుర్తింపు దక్కుతుంది.

కోపంతో ఉన్నపళంగా పని ఆపేయవద్దు. ముందుగా నోటీసు ఇచ్చి 14 రోజులు గడవనిదే సమ్మె చట్టబద్ధం కాదు. సగం మంది లేదా అంతకుమించి కూడబలుక్కుని ఒకేరోజు సెలవు పెట్టినా దాన్ని సమ్మెగానే లెక్కిస్తారు. మొదటి సమావేశం కంపెనీ గేటు దగ్గర కాకుండా ఎవరి ఇంటి అరుగు మీదైనా పెట్టుకుని, ఆ రోజు మాట్లాడిన విషయాలు, వచ్చినవారి సంతకాలు అదే నోటుబుక్కులో కొత్త పేజీలో రాయించండి.