రిటర్న్ వేసే ముందు బ్రౌజర్‌లో ఇవి చూసుకోండి

ఆదాయపు పన్ను రిటర్న్‌కు సాధారణంగా జూలై 31 గడువు. "మీ రీఫండ్ ఆగింది, ఇక్కడ నొక్కండి" అనే మెసేజ్‌లకు జనం దొరికిపోయేది ఈ టెన్షన్‌లోనే.

• మెసేజ్‌లోని లింక్ నొక్కకండి. ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ జీఓవీ డాట్ ఇన్ అని మీరే టైప్ చేయండి. అడ్రస్‌లో మొదటి ఒంటి స్లాష్ (/)కు ముందున్న చివరి ముక్కే సైట్ ఎవరిదో చెబుతుంది. ముందు ప్రభుత్వం పేరు ఎంత చక్కగా ఉన్నా, అక్కడ డాట్ కామ్ ఉంటే అది ఆదాయపు పన్ను శాఖది కాదు. పాన్, బ్యాంకు వివరాలు, ఓటీపీ అన్నీ పోయేది ఈ ఒక్క పొరపాటుతోనే.

• ఎర్రటి హెచ్చరిక తెర వస్తే వెనక్కి వచ్చేయండి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ అనే ప్రమాదకర సైట్ల జాబితాతో, ఎడ్జ్ అలాంటిదే అయిన మైక్రోసాఫ్ట్ స్మార్ట్‌స్క్రీన్‌తో సైట్లను సరిచూస్తాయి. కానీ నిన్న పుట్టిన నకిలీ సైటు ఇంకా ఆ జాబితాకు ఎక్కి ఉండకపోవచ్చు. హెచ్చరిక రాలేదని ధీమా పడకండి.

• అడ్రస్ పక్కన కనిపించే తాళం గుర్తును నమ్ముకోకండి. దారిలో డేటాను ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం. నకిలీ సైట్లకూ అది ఉంటుంది. అందుకే క్రోమ్ 2023లో ఆ గుర్తునే మార్చేసింది.

• సేవ్ చేసిన పాస్‌వర్డ్ ఎప్పటిలా రాకపోతే ఆగి, అడ్రస్ మళ్లీ చదవండి. మనం పోల్చుకోలేని అక్షరం తేడాను బ్రౌజర్ పోల్చుకుంటుంది. నాకు అన్నిటికంటే నచ్చిన రక్షణ ఇదే.

• వాడని ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్‌లు) తీసేయండి. కొన్నిటికి మీరు చూసే ప్రతి పేజీనీ చదివే అనుమతి ఉంటుంది.

• బ్రౌజర్ అప్‌డేట్ చేసి, ఒకసారి మూసి తెరవండి. అప్పుడే కొత్త వెర్షన్ పనిచేస్తుంది.

• డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.