కంబాలకొండ దారిలో జియోకాచింగ్: డబ్బా లేకుండా ఆట

జియోకాచింగ్ అంటే దాగుడుమూతలే, కాకపోతే దాక్కునేది మనిషి కాదు, డబ్బా. ఒకరు దాచి దాని జీపీఎస్ అంకెలు (ఆ చోటి అక్షాంశం, రేఖాంశం) ఇస్తారు, మిగతావాళ్ళు వెతికి, లోపలి చిట్టి పుస్తకంలో పేరు రాసి, ఎక్కడిది అక్కడే పెట్టేస్తారు. 2000 మే నెలలో అమెరికా జీపీఎస్ సిగ్నల్‌లో చోటు కచ్చితంగా తెలియకుండా కావాలని కలిపే తేడాని తీసేసింది, ఆ వారంలోనే అక్కడి ఒరెగాన్ రాష్ట్రంలో ఒకాయన బకెట్ దాచడంతో మొదలైంది.

మన వైజాగ్‌లో చెట్ల మధ్య నడిచే దారి అంటే నాకు ముందు గుర్తొచ్చేది కంబాలకొండ. కానీ అది అభయారణ్యం, అక్కడ డబ్బా వదిలి రాకూడదు. అందుకే మేం డబ్బా లేకుండా ఆడతాం: ముందురోజు ఒకరు వెళ్ళి దారి పక్కన నాలుగైదు చోట్ల అంకెలు రాసుకుని, ఒక్కో చోటికీ ఒక ప్రశ్న పెడతారు. "బోర్డు మీద మూడో పదం ఏంటి?" లాంటిది, అక్కడికి వెళ్ళి చూస్తే తప్ప తెలియనిది. మరీ తేలికైతే పిల్లలు ఊహించి చెప్పేస్తారు, జాగ్రత్త.

అసలు తలనొప్పి అంకెలతోనే. యాప్‌లో సాధారణంగా 17° 46.080' అని డిగ్రీలు, నిమిషాల్లో ఉంటుంది. మ్యాప్‌లో అయితే అదే చోటు 17.768. మా మేనల్లుడు మొదటిసారి 46.080ని పట్టుకెళ్ళి డిగ్రీల పక్కన చుక్క పెట్టి 17.46080 అని కొట్టాడు, రెండో అంకెనీ అలాగే. దారి చూపే యాప్ బాణం తిన్నగా సముద్రంలోకి చూపించింది! "మావయ్యా, పడవ కావాలేమో" అన్నాడు. నిమిషాలని 60తో భాగించి డిగ్రీలకి కలపాలి, అంతే.

చోటుకి పది మీటర్ల దూరంలోకి రాగానే ఫోన్ జేబులో పెట్టేయండి. కొమ్మలు దట్టంగా ఉన్న చోట బాణం అటూ ఇటూ ఊగుతుంది, దాని వెనకే తిరిగితే ఒకే చెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేస్తారు. మ్యాప్ ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి, లోపల సిగ్నల్‌ని నమ్ముకుంటే టెన్షనే. దారి దిగకండి, బొరియల్లో, రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టకండి, పాములుంటాయి.

నిజమైన డబ్బానే దాచాలనుంటే ఊళ్ళోని ఏదైనా పార్కులో, అక్కడి వాళ్ళని అడిగి పెట్టండి. పాతిపెట్టకూడదు, లోపల తినే వస్తువులు వద్దు. జియోకాచింగ్ వెబ్‌సైట్‌లో అధికారికంగా నమోదు చేయించాలంటే ఇంకో డబ్బాకి కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. మూత బిగుతుగా ఉన్న చిన్న స్టీల్ డబ్బా చాలు, పుస్తకాన్ని మాత్రం జిప్ కవర్‌లో పెట్టండి, మన ఉక్కపోతకి కాగితం రెండు వారాల్లో మెత్తబడిపోతుంది. పెన్ను కాదు, పెన్సిల్ వెయ్యండి, తడి కాగితం మీద కూడా రాస్తుంది. వెతికేవాళ్ళకి ఒక మాట: డబ్బాలో ఎవరైనా పెట్టిన బొమ్మ లాంటిది తీసుకుంటే అంత విలువైనదే పెట్టండి, ఎవరైనా చూస్తుంటే బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి, వాళ్ళు దాటాకే మూత తియ్యండి.