గురువు లేని పియానో సాధనలో రచనల ఎంపిక: సమస్య - పరిష్కారం

సొంతంగా పియానో నేర్చుకునేవారు ఒక రచన దగ్గర నెలల తరబడి ఆగిపోయినప్పుడు తమకు చేయి తిరగదేమోనని దిగులు పడతారు గాని, చాలాసార్లు లోపం సాధనలో కాక ఎంపికలోనే ఉంటుంది. గురువు ఉంటే "ఇది ఇప్పుడే వద్దు" అని ఆపేవారు. ఆ మాట మనకు మనమే చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఈ గుర్తులు పనికివస్తాయి.

సమస్య: మొదటి భాగం చక్కగా పలుకుతుంది, ఆపైన అడుగు పడదు.

బీథోవెన్ 1810లో రాసిన 'ఫ్యూర్ ఎలీజ్' దగ్గర ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. దాని మొదటి భాగాన్ని రెండు చేతులూ వంతులవారీగా పంచుకుంటాయి. ఎడమ చేయి మూడు స్వరాలు పలికించి వదలగానే కుడి చేయి అందుకుంటుంది, రెండూ ఒక్కసారిగా మోగవలసిన చోట్లు తక్కువ. అందుకే అది త్వరగా పట్టుబడుతుంది. తరువాతి భాగం ఎఫ్ మేజర్ అనే స్వరస్థాయిలోకి మారిన కాసేపటికే కుడి చేతికి ముప్పైరెండో వంతు స్వరాల (చాలా పొట్టివైన, వేగంగా దొర్లే స్వరాల) పరుగు వస్తుంది. ఇంకా ముందుకు వెళితే ఎడమ చేయి ఒకే 'ఎ' స్వరాన్ని ఆగకుండా మోగిస్తూ ఉండగా కుడి చేయి నిండు కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పట్టాలి. చెవికి అలవాటైన ప్రారంభాన్ని బట్టి రచనను ఎంచుకోవడమే ఇక్కడి కారణం.

కాబట్టి సాధన మొదలుపెట్టకముందే స్కోరును, అంటే రచన నొటేషన్‌ను, చివరిదాకా తిరగేసి, స్వరాలు అన్నిటికన్నా దట్టంగా ఉన్న రెండు బార్లను (నిలువు గీతల మధ్య ఉండే గడులను) వెతికి, వాటినే సగం వేగంతో రెండు చేతులా వాయించి చూడండి. నాలుగైదు రోజుల్లో అవి లొంగకపోతే ఆ రచనను పక్కన పెట్టడమే మేలు. బాఖ్ సి మేజర్ ప్రెల్యూడ్ (బాఖ్ రచనల జాబితాలో బీడబ్ల్యూవీ 846) ఇందుకు మంచి ప్రత్యామ్నాయం. అందులో ఉన్న 35 బార్లలో చివరి మూడు తప్ప అన్నిటిదీ ఒకే అల్లిక గనుక, మొదటి పేజీ వచ్చినవారికి మిగిలినదీ వస్తుంది.

సమస్య: ఎడమ చేయి వెనకబడుతుంది.

హార్మోనియంతో మొదలుపెట్టి పియానోకు వచ్చినవారికి ఇది బాగా తెలుసు. అక్కడ ఎడమ చేయి గాలి కొట్టడానికే సరిపోతుంది, మెట్ల మీద నడకంతా కుడి చేతిదే. రెండు చేతులూ ఒకే వరుసను వాయించే బార్టోక్ 'మైక్రోకాస్మోస్' తొలి ఆరు పాఠాలతో ఆరంభించి, ఆ తరువాత షూమన్ 1848లో పిల్లల కోసం కూర్చిన ఓపస్ 68 (ఓపస్ అంటే రచన వరుస సంఖ్య) సంపుటిలోని పదో రచన 'హ్యాపీ ఫార్మర్'కు రండి. అందులో పాట ముఖ్యంగా ఎడమ చేతిదే, కుడి చేయి చాలావరకు తోడు. వేళ్లకు అంతకన్నా దయగల పాఠం నాకు దొరకలేదు.

సమస్య: రచన నెమ్మదైనదే, స్వరాలూ తప్పడం లేదు, అయినా వినసొంపుగా లేదు.

బీథోవెన్ 'మూన్‌లైట్ సొనాటా' మొదటి భాగంలో మూడేసి స్వరాల అలనూ, దాని పైన పలికే పాటనూ కుడి చేయి ఒక్కటే మోయాలి. పైగా ఆ పాట పడేది ఎక్కువగా బలహీనమైన చిటికెన వేలి మీదే. వేగం తక్కువైనంత మాత్రాన రచన సులువు కాదు. పాటను కుడి చేతికీ కార్డులను ఎడమ చేతికీ విడదీసిన షోపాన్ ఇ మైనర్ ప్రెల్యూడ్‌తో (ఓపస్ 28, నాలుగోది) ముందుగా చెవిని సిద్ధం చేసుకోవచ్చు.

సమస్య: మెట్లు చాలడం లేదు.

సాధారణమైన 61 మెట్ల కీబోర్డు మీద 'మూన్‌లైట్' రెండో బారులోనే మంద్రస్వరం అందదు. స్కోరులోని అట్టడుగు స్వరాన్ని ముందే చూసుకోండి.

సమస్య: కొత్తది రాగానే పాతది మరుపున పడుతుంది.

తెర మీద రంగు పట్టీలు జారుతూ ఏ మెట్టు నొక్కాలో చూపే వీడియోలు చూసి నేర్చుకున్నవారిలో రచన వేళ్లకే గుర్తుంటుంది. పది రోజులు వాయించకపోతే చెరిగిపోతుంది, తిరిగి చదువుకుందామంటే నొటేషన్ అలవాటు ఉండదు. కష్టపడి సాధించే రచన ఒక్కటే పెట్టుకుని, దానితో పాటు రోజూ పది నిమిషాలు మీ స్థాయికి రెండు అంచెలు కిందున్న కొత్త రచనను ఆగకుండా చదివి వాయించండి. ఏది ఎంత కిందుందో తేల్చుకోవడానికి ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం అనే సంగీత పరీక్షా సంస్థల గ్రేడు జాబితాలు చూస్తే చాలు, పరీక్ష రాయనక్కరలేదు.