బోర్డు లోపలికి, స్టిక్కర్ బయటికి

అనంతపురంలో నాది బ్యాటరీల షాపు, టవర్ క్లాక్ దగ్గర ఒక సందులో. మెయిన్ రోడ్డు మీంచి కనపడాలని బోర్డును గోడకు అడ్డంగా, రెండడుగులు కాలువ మీదికి వచ్చేలా బిగించాను. పర్మిషన్ లేదని మున్సిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది.

"షాపు నాదే, బోర్డు నాదే, పర్మిషన్ ఎందుకు సార్?" అని వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని అడిగాను. "గోడ నీదేలే అన్నా, రోడ్డు మీద గాలి కూడా నీదేనా?" అన్నాడు. పైగా అది కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చిన బోర్డు. మూడొంతులు వాళ్ళ బ్రాండే, మూలన చిన్నగా నా పేరు. దాన్ని షాపు పేరుగా చూడరట, ప్రకటనగానే చూస్తారట. ఊరికే వచ్చిందని మురిసిపోయిన నాకు అప్పుడు తెలిసొచ్చింది.

వెల్డర్‌ను పిలిపించి యాంగిల్ కోయించాను. షాపు పేరుతో చిన్న బోర్డు చేయించి గోడకు ఆనించి బిగించాను. ఫోటో, కొలతలు, అద్దె అగ్రిమెంటు జతచేసి అర్జీ ఇచ్చాను.

ఆ పని మీద ఉండగానే నా డెలివరీ ఆటో గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది. తెల్ల బండికి నిలువునా పసుపు స్టిక్కర్ చుట్టించాను మరి. ఆర్సీలో రంగు తెలుపనే ఉంది. ఆ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. మున్సిపాలిటీ కాగితం దీనికి పనికిరాదు, ఇది రవాణా శాఖ వ్యవహారం. వెనక స్టిక్కర్ అంచు నంబరు ప్లేటు చివరి అంకెను కూడా సగం మింగేసింది.

మా ఆవిడ హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి, ఒక మూల నుంచి మెల్లగా లాగాను. మిగిలిన గమ్ము కిరోసిన్ గుడ్డకు వదిలింది. డ్రయర్‌కు ఆ వాసన ఇంకా పోలేదు.