హ్యాష్‌లో నిలవని ‘లేదు’లు

రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న స్క్రిప్ట్. పిన్‌కోడ్ ఇస్తే అక్కడికి డెలివరీ ఉందో లేదో బయటి సర్వర్‌ని అడుగుతుంది. అడిగిందే మళ్లీ అడగకుండా జవాబుల్ని ||= తో (విలువ లేకపోతేనే లెక్కకట్టి పెట్టే గుర్తు) హ్యాష్‌లో దాచాను. హ్యాష్ అంటే కీ, విలువ జతల పట్టిక; ఇక్కడ పిన్‌కోడ్ కీ, జవాబు విలువ. అయినా నత్తనడకే. లాగ్ తెరిస్తే ఒకే పిన్‌కోడ్ వరసగా నలభైసార్లు వెళ్లింది! అదీ డెలివరీ లేని ఊళ్లకే.

అప్పుడు వెలిగింది. ||= కీ ఉందా అని చూడదు. విలువ ఫాల్స్ (కాదు) గానీ నిల్ (ఏమీ లేదు) గానీ అయితే మళ్లీ లెక్క మొదలెడుతుంది. నా ‘లేదు’లన్నీ ఫాల్స్‌లే మరి.

హ్యాష్‌లోంచి విలువ తీసిచ్చే ఫెచ్ అనే మెథడ్‌కి మారాను. కీ ఉంటే ఫాల్స్‌నైనా అలాగే ఇస్తుంది, లేకపోతేనే మనమిచ్చిన కోడ్ ముక్కని, అంటే బ్లాక్‌ని, నడుపుతుంది. కాకపోతే వచ్చిన విలువను తనంతట తాను దాచదు. బ్లాక్ లోపల మనమే హ్యాష్‌లో పెట్టాలి. ఒకచోట మర్చిపోయాను కూడా.

విసుగొచ్చి తీయడం, దాచడం రెండూ కలిపి ‘ఫెచ్ ఆర్ స్టోర్’ అనే మెథడ్ రాసి టీమ్ ముందు పెట్టాను. “హ్యాష్ డాట్ న్యూకి బ్లాక్ ఇస్తే చాలదా?” అన్నారు మా సీనియర్. అంటే కీ లేనప్పుడు ఏం చేయాలో హ్యాష్‌ని తయారుచేసేటప్పుడే ఒక్కసారి చెప్పేయడం. లెక్క ఒక్కటే అయితే చాలు సార్, మనం ఒకే హ్యాష్‌ని రెండుచోట్ల రెండు రకాలుగా నింపుతున్నాం అన్నాను. కాసేపు కోడ్ చూసి, “పేరు మాత్రం పొడుగైంది” అంటూ ఒప్పుకున్నారు.